ఏడో ఫోటో కింద ఏం వెయ్యమంటారు?

ఒరేయ్, నవ్వుకోండి, పర్లేదు. ఇంకెవడో ఫోటో తీసి మన బ్యాచ్ గ్రూపులో పెట్టేలోపు నేనే చెప్పుకుంటే కాస్తన్నా పరువు మిగులుద్దని నిద్ర మానుకుని టైప్ చేస్తున్నా. మా ఊరి సెంటర్లో, పదడుగుల ఫ్లెక్సీ మీద, పళ్ళు ఇకిలిస్తున్న నా ఫోటో కింద ఒకే ఒక్క మాట పడింది. రెండక్షరాలు! ఆ రెండక్షరాల పుణ్యమా అని ఇప్పుడు నాకు ఉద్యోగం ఉంది, కంపెనీ ఉంది, నా ప్రమోషన్ కోసం చర్చి సంఘం మొత్తం మోకరించి ప్రార్థన కూడా చేసింది. జీతమొక్కటే లేదు.

నాకు ఆఫర్ లెటర్ వచ్చిన సంగతి మీకు తెలుసు. పార్టీ అడిగారు కదా వెధవల్లారా, ఎట్టా మర్చిపోతారు! లెటర్ వచ్చిన ఆదివారం మా అమ్మ చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. మా అమ్మ మార్తమ్మ, మిర్చి కోతలకి పోద్ది. ఆసామిని అడిగి తొలికోత కాయలు ఒక బుట్టెడు తెచ్చి, ప్రభువు బల్ల ముందు పెట్టి, "నా బిడ్డని దేవుడు ఇంజనీరుని చేశాడు" అని మైకులో ఏడ్చేసింది. సగం మంది ఏడ్చారు. మిగతా సగం మిర్చి ఘాటుకి తుమ్మారు.

మర్నాటి నుంచి చేలో ఆమె పేరు మారిపోయింది. "ఇంజనీరమ్మా, ఈ సాలు నువ్వు పట్టు." "ఇంజనీరమ్మా, కాసిని మంచినీళ్ళు పొయ్యి." అప్పటిదాకా ఉత్త మార్తమ్మ, ఫలానావాడి పెళ్ళాం, ఫలానావాడి తల్లి, అంతే. ఇప్పుడొక టైటిల్! ఒకసారి పిలిస్తే పలికేది కాదు. రెండోసారి పిలిస్తే గాని తలెత్తేది కాదు. వినపడక కాదు, ఇంకోసారి వినాలని.

తర్వాత కంపెనీ నుంచి మెయిల్. జాయినింగ్ డేట్ త్వరలో తెలియజేస్తాం అని. ఆ 'త్వరలో' ఆర్నెల్లు సాగింది. ఆ తర్వాత ఇంకో మెయిల్, మారిన వ్యాపార పరిస్థితుల దృష్ట్యా అని. దృష్ట్యా తర్వాత ఏముంటదో మీకు చెప్పక్కర్లేదు. వెళ్ళి అమ్మకి చెప్పా.

"సాక్ష్యం చెప్పేశాంగా," అంది.

"అయితే?"

"చెప్పిన సాక్ష్యం వెనక్కి తీసుకునే పద్ధతి లేదురా మన సంఘంలో."

అదీ సంగతి. అట్టా నేను వర్క్ ఫ్రమ్ హోమ్ అయ్యా. పొద్దున తొమ్మిదింటికి లాప్‌టాప్ తెరుస్తా. చేసేదేంటంటే, అప్లికేషన్లు పంపటం, "మీ ప్రొఫైల్ మాకు నచ్చింది కానీ" అనే రిప్లైలు చదవటం. ఇంటికెవరన్నా వస్తే అమ్మ వాకిట్లోనే ఆపి, "మెల్లగా మాట్లాడు వదినా, మావాడు మీటింగులో ఉన్నాడు" అంటది. అది వినపడగానే లోపల నేను నల్లటి స్క్రీన్ చూస్తూ, "యెస్ యెస్, ఐ విల్ షేర్ ది ఫైల్" అంటా. ఎవరికి షేర్ చేస్తానో, ఏ ఫైలో, దేవుడికే తెలియాలి. పద్నాలుగు నెలలుగా అదే ఫైల్.

ఇట్టా ఉండగా మా చర్చి వార్షికోత్సవం వచ్చింది. యూత్ తరఫున ఫ్లెక్సీ వెయ్యాలన్నారు. తొమ్మిది మంది ఫోటోలు. "నువ్వు సాఫ్ట్‌వేరేగా, డిజైనూ గిజైనూ నువ్వే చూస్కో" అని పని నా నెత్తిన పెట్టారు. మన వైపు ఫ్లెక్సీ సంగతి తెలుసుగా! ఫోటో కింద పేరు, పేరు కింద ఇంకో లైను. ఆ లైను లేకుండా మనిషన్నవాడు ఫ్లెక్సీ ఎక్కడు.

సరే, ఒక్కొక్కడికీ ఫోన్ చేసి అడిగా. మార్టూరులో రాయి పాలిష్ పట్టేవాడు 'గ్రానైట్స్' అని వెయ్యమన్నాడు. ఒకే ఒక్క ఆటో ఉన్నవాడు 'ట్రావెల్స్' అన్నాడు. నా ఫ్రెండ్ రాజేష్ చేలల్లో డ్రోన్‌తో మందు కొడతాడు. వాడు 'పైలట్' అన్నాడు.

"పైలట్ ఏంట్రా, సిగ్గులేదా?" అన్నా.

"సర్టిఫికెట్ మీద అదే ఉంది. ఫోటో పంపమంటావా?" అన్నాడు. పంపాడు కూడా. నిజంగానే ఉంది!

ఇక నా వంతు. నంబర్ ఏడు, ప్రవీణ్ కుమార్.

"సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ అని వెయ్యి," అంది అమ్మ, అన్నం పెడతా.

"అమ్మా, పైన దేవుడి వాక్యం ఉంటది. దాని కింద అబద్ధం వెయ్యమంటావా?"

"ఫ్లెక్సీలో నిజం ఎవడేశాడు? రాజేషుగాడు విమానం నడుపుతున్నాడా?"

"కనీసం వాడిది గాల్లో ఎగురుద్ది."

"పోనీ బీటెక్ అని వెయ్యి."

"బీటెక్ అని వేస్తే ఉద్యోగం లేదని అర్థం. ఉద్యోగం ఉన్నవాడెవడూ బీటెక్ అని వేసుకోడు."

కంచంలో ఇంకో గరిటె పప్పు గట్టిగా కొట్టింది. అది మా ఇంట్లో చర్చ ముగిసిందని గుర్తు.

ఒక మధ్యాహ్నం మొత్తం కూర్చుని ఆలోచించాన్రా. ఇంజనీర్ కాకుండా నేనేంటి అని. చర్చిలో కీబోర్డు వాయిస్తా, నిజమే. వచ్చింది మూడు పాటలే, మిగతా పాటలకి కూడా ఆ మూడే వాయిస్తా. క్రికెట్‌లో కీపర్ని. బంతులు వదిలేస్తా కాబట్టి పత్తి చేలోకి వెళ్ళి వెతుక్కొచ్చేది కూడా నేనే. కోతలప్పుడు అమ్మ ముఠాకి టీ నేనే పెట్టి ఫ్లాస్కులో పోసిస్తా. బాగుందంటారు. 'ప్రవీణ్ కుమార్, టీ బాగా పెడతాడు' అని వేస్తే ఎట్టా ఉంటది? నవ్వొచ్చింది, ఆ తర్వాత రాలా. పదహారేళ్ళు నా పేరు కింద 'స్టూడెంట్' అని ఉండేది. ఎవడు అడిగినా టక్కున చెప్పేవాణ్ని. అది తీసేసుకున్నారు, ఇంకోటి ఇవ్వలా. అంతకుముందు, బడిలో వెయ్యకముందు, నేనేంటో నాకు గుర్తులేదు.

కాబట్టి డిసైడ్ అయ్యా. అబద్ధం వద్దు, నిజం అంతకన్నా వద్దు. పేరు ఉంటది, కింద లైను ఉండదు. పేరొక్కటి చాలదా మనిషికి? చిన్న తిరుగుబాటు అనుకోండి. లిస్టు టైప్ చేసి మార్టూరు ఫ్లెక్సీ షాపు జానీ గారికి వాట్సాప్ చేశా. ఏడో నంబరు పక్కన ఏం రాయలా.

సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. జానీ గారికి అరవై దాటుంటాయి, మర్యాదగల మనిషి. ఆ షాపు పక్కనే రాయి కోసే యూనిట్. ఫోన్లో ఆయన గొంతు కన్నా రాయి గొంతే ఎక్కువ వినపడుద్ది.

"బాబూ, ఏడో ఫోటో కింద ఏం వెయ్యమంటారు? మీరేం రాయలేదే?"

"అది ఖాళీ అండీ!"

"ఏంటీ?"

"ఖాళీ! ఖాళీ!" అని అరిచా.

"ఖాళీయేనా?"

"ఆ, ఖాళీయే అండీ!"

రాయి ఒక్క క్షణం ఆగింది. "సరే బాబూ, మీ ఇష్టం," అన్నాడు. ఆ 'మీ ఇష్టం'లో ఏదో జాలి వినపడింది. నేను పట్టించుకోలా.

ఆ తర్వాత ప్రూఫ్ పంపాడు. ఇక్కడ తప్పు నాదేరా, ఒప్పుకుంటా. వాక్యం జూమ్ చేసి ఒత్తులు చూశా. పాస్టరు అయ్యగారి పేరు ముందు రెవరెండ్ ఉందా లేదా చూశా. ట్రావెల్స్, గ్రానైట్స్, పైలట్, అన్నీ చూశా. నా ఫోటో దగ్గరికొచ్చి ఏం చూశానో తెలుసా? జుట్టు! ముందు పల్చబడినట్టు కనపడుతుందా లేదా అని. కనపడలేదు. వెంటనే బొటనవేలు బొమ్మ పెట్టేశా.

శనివారం పొద్దున రాజేష్ ఫోన్.

"ఏరా, నీకు ధైర్యం ఉందిరా!"

"ఏ ధైర్యం?"

"సెంటర్‌కి రా. నీ అంత నిజాయితీ ఉన్నోణ్ని నేను చూళ్ళా."

వెళ్ళా. బస్ షెల్టర్ పక్కన, వేప కర్రలకి కట్టి, తళతళా మెరుస్తుంది. ఏడో ఫోటో. ప్రవీణ్ కుమార్. కింద, ఎర్ర రంగులో, పసుపు బోర్డరుతో:

ఖాళీ.

అది మామూలుగా లేదురా. 'పైలట్' కన్నా పెద్దగా ఉంది! రెండక్షరాలే కదా, జాగా మిగిలిందని సైజు పెంచాడు జానీ గారు.

జానీ గారికి ఫోన్ చేశా.

"మీరే కదా బాబూ ఖాళీ అన్నారు? నేను మూడుసార్లు అడిగాను."

"ఖాళీ అంటే ఏం వెయ్యొద్దని అండీ!"

"అట్టా చెప్పాలి కదా. నాకేం తెలుసు? మొన్నొకాయన పేరు కింద 'అందరివాడు' అని వెయ్యమన్నాడు, వేశాను. ఇంకొకాయన 'బావ' అని వెయ్యమన్నాడు, ఎవరికి బావ అని అడగలేదు, వేశాను. ఈ కాలం పిల్లలు కదా, ఇదేదో స్టైలనుకున్నా." మెల్లగా అన్నాడు, "మా రెండోవాడు కూడా ఖాళీయే బాబూ. ఈ కుర్రాడెవడో దాపరికం లేకుండా చెప్పుకున్నాడని మెచ్చుకున్నాను కూడా."

ఏం తిట్టను ఇక?

తెల్ల చార్టు, గమ్ము తీసుకుని, ఆటో ట్రావెల్స్ అధినేత ఆటో పైకెక్కా. ఫ్లెక్సీ గాలికి ఊగుతుంది, నేను ఊగుతున్నా. కింద టీ బంకు దగ్గర జనం తలలెత్తారు.

"ఏంది, ఏం చేస్తన్నాడు?"

"ఏదో కప్పెడతన్నాడు."

"ఏముంది అక్కడ?"

"ఆగు చదవనీ... ఖా... ళీ!"

అప్పటిదాకా ఊళ్ళో పదిమంది చదివుంటారేమో. నేను ఎక్కి ఊరందరి చేతా చదివించా. పైగా గమ్ము ఎండకి నిలవలా. నేను కిందికి దిగేలోపే చార్టు రాలి నా నెత్తినే పడింది. రాజేష్, "డ్రోన్‌తో ఏమన్నా చెయ్యనా?" అన్నాడు, ముఖం చాలా సీరియస్‌గా పెట్టి.

ఇంటికొచ్చా. అమ్మకి అప్పటికే తెలిసిపోయింది. తిట్టుద్దనుకున్నా. తిట్టలా. చీపురు తీసుకుని, ఊడ్చిన వాకిలే మళ్ళీ ఊడ్చింది. ఆ సాయంత్రం పప్పులో గరిటె చప్పుడు కూడా లేదు. నాకు దానికే భయమేసింది. నా పరువు పోతే పోయింది, అదేమంత ఉందని. రేపు చేలో ఆమెని ఏమని పిలుస్తారు?

ఆదివారం పొద్దున చర్చి గేటు దగ్గరే పట్టుకున్నారు. అమ్మతో పాటు కోతకొచ్చే సుగుణమ్మ పిన్ని గొంతు తగ్గించి మాట్లాడటం ఎప్పుడూ నేర్చుకోలా.

"ఇంజనీరమ్మా! మీవాడి బొమ్మ కింద ఖాళీ అని ఉందంటగా? అంటే ఏంటే, పనీ పాటా లేదనా?"

చుట్టూ ఉన్నవాళ్ళు చెప్పులు విడవటం ఆపేశారు. అమ్మ బైబిలు ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకుంది. నేను నోరు తెరిచా. చెప్పేద్దామనే తెరిచా, ఒట్టు. ఈ గోలంతా వదిలిపోద్ది, ఒక్క మాట చాలు.

"అది వాళ్ళ కంపెనీ పేరు," అంది అమ్మ.

నాకు తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయింది.

"కంపెనీనా?"

"మరేంటనుకున్నావు? ఖాళీ. బెంగుళూరులో ఉంది. పెద్ద కంపెనీ."

అందరూ నా వైపు తిరిగారు. సంఘ పెద్ద యేసుపాదం బాబాయి, జిన్నింగ్ మిల్లులో కాటా చూస్తాడు, ప్రతిదీ తూకం వేసి గాని నమ్మడు. ఆయన ముందుకొచ్చాడు.

"ఖాళీలో పని ఎట్టా ఉంటదిరా అబ్బాయ్?"

అమ్మ నా వైపు చూడలా. చూడకుండా ఉండటానికి ఎంత కష్టపడుతుందో మెడ మీద నరం చెప్తుంది.

"పెద్దగా ఏం ఉండదు బాబాయ్," అన్నా.

"ప్రెషర్ ఉండదా?"

"ఇంట్లోవాళ్ళ దగ్గర్నుంచే."

"సెలవులిస్తారా?"

"అన్నీ సెలవులే."

"ఎన్నాళ్ళయింది చేరి?"

"పద్నాలుగు నెలలు."

"నీలాగా ఇంకా ఎంతమంది ఉంటారు ఖాళీలో?"

"చాలామంది బాబాయ్. మా బ్యాచ్‌లో సగం మంది అక్కడే."

బాబాయి తల పంకించాడు. తూకం సరిపోయినట్టుంది. ఒరేయ్, నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు, గమనించారా? దేవుడి గుమ్మంలో నిలబడి ప్రతి ముక్కా నిజమే చెప్పా. పద్నాలుగు నెలల్లో నేను అంత నిజాయితీగా మాట్లాడింది అప్పుడే. ఒక్కడంటే ఒక్కడికి అర్థం కాలా.

అక్కడితో అయిపోతే ఇంత టైప్ చేసేవాణ్ని కాదు. ఆరాధన కూడిక చివర్లో అయ్యగారు, "మన యవ్వనస్తుల కోసం ప్రార్థన చేద్దాం" అని నా వైపు సైగ చేశాడు. సైగ ఎందుకంటే, ప్రార్థన వెనక మెల్లగా కీబోర్డు వాయించేది నేనే కాబట్టి. నాకొచ్చిన మూడిట్లో అన్నిటికన్నా విషాదమైనది మొదలుపెట్టా.

"తండ్రీ," అన్నాడు అయ్యగారు కళ్ళు మూసుకుని, "ఖాళీ కంపెనీలో పనిచేస్తున్న మా ప్రవీణ్ బిడ్డని నీ చేతికి అప్పగిస్తున్నాం. ఖాళీలో ఈ బిడ్డని స్థిరపరచు!"

"ఆమెన్!" అంది సంఘం.

"ఖాళీలో ఇంకా ఇంకా పైకి తీసుకెళ్ళు!"

"ఆమెన్!"

"ఎవరూ ఈ బిడ్డని ఖాళీలోంచి బయటికి తియ్యకుండా కాపాడు!"

"ఆమెన్!!"

నా వేళ్ళు తప్పు మీట మీద పడ్డాయి. కీబోర్డు డ్రమ్స్ మొదలుపెట్టింది. ముందు వరసలో రాజేష్ మొహం చేతుల్లో దాచుకుని వణుకుతున్నాడు. వాడి మీదికి పరిశుద్ధాత్మ దిగిందని పక్కనున్న ముసలమ్మ వాడి నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థన అందుకుంది. ఇంతమంది ఇంత మనస్ఫూర్తిగా అడిగితే దేవుడు కాదంటాడా చెప్పండి? నేను ఖాళీలో స్థిరపడిపోయినట్టే!

ఇంటికి నడుస్తున్నప్పుడు అడిగేశా. "ఎందుకమ్మా అట్టా చెప్పావు? ఒక్క మాటతో పోయేదిగా."

కళ్ళాల్లో మిర్చి ఎండేశారు, గాలికి ఘాటు కొడుతుంది. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది.

"కోతలయిపోయాక నాలుగు నెలలు నేనూ ఖాళీయే కదరా," అంది. "నన్నెవరన్నా ఖాళీ మార్తమ్మ అన్నారా? పనుంటే పోతా, లేకపోతే ఇంట్లో ఉంటా. నువ్వేంట్రా, ఆ ఒక్కటి లేకపోయేసరికి మనిషివే కానట్టు తలుపేసుకుని కూర్చుంటావు?"

ఎంత బాగా చెప్పింది! "మరి అదే చెప్పొచ్చుగా వాళ్ళకి," అన్నా.

"చెప్తే?" ఆగి నా వైపు తిరిగింది. "రేపు చేలో నన్ను మళ్ళీ మార్తమ్మా అంటారు."

ఇల్లొచ్చేదాకా కొంగు మొహం మీద నుంచి తియ్యలా. మిర్చి ఘాటుకే అయ్యుంటది.

అన్నం తిని మంచం వాల్చానో లేదో, వాకిట్లో దగ్గు. యేసుపాదం బాబాయి. చేతిలో ప్లాస్టిక్ కవరు. అలవాటు కొద్దీ అమ్మ, "మీటింగు..." అని మొదలుపెట్టి, ఆదివారమని గుర్తొచ్చి ఆగిపోయింది.

"మన స్టెల్లాది కూడా బీటెక్ అయిపోయిందిరా ప్రవీణూ," అన్నాడు, కూతురి పేరు చెప్తూ మంచం అంచున కూర్చుని. కాటా మనిషి గొంతులో మొదటిసారి బతిమాలటం విన్నా. "ఇంట్లోనే ఉంటుంది. దిగులు పెట్టుకుంది. నువ్వు పెద్దగా ఏం చెయ్యక్కర్లేదు. ఖాళీలో ఏమన్నా ఖాళీలుంటే..."

వంటింట్లో గిన్నె చప్పుడు ఆగిపోయింది.

"ఖాళీలో ఖాళీలు ఎప్పుడూ ఉంటాయి బాబాయ్," అన్నా. "అప్లై కూడా చెయ్యక్కర్లేదు. వాళ్ళే తీసుకుంటారు."

"నీ నోటి చలవ," అని రెండు చేతులూ పట్టుకున్నాడు పెద్దాయన. ఎన్నాళ్ళయిందో, నా చేతులు ఎవరన్నా అట్టా పట్టుకుని. కవరు నా ఒళ్ళో పెట్టి, వెళ్తూ వెళ్తూ గేటు దగ్గర ఆగి, "ఇంజనీరమ్మా, వస్తా!" అని కేకేశాడు.

అమ్మ పలకలా. ఆయన ఇంకోసారి పిలిచాడు. అప్పుడు పలికింది.

ఇప్పుడే కవరు తెరిచి ఆ పిల్ల రెజ్యూమే చదివా. నాలుగు ప్రాజెక్టులు, రెండు ఇంటర్న్‌షిప్పులు, నాకన్నా పదిహేను మార్కులు ఎక్కువ. నిజం చెప్పనా? నిద్ర పట్టట్లేదు. ఖాళీలోంచి కూడా నన్ను తీసేసి ఆ పిల్లనే పెట్టుకుంటారేమో అని.